వేలు తీసి చూడు
(పరిటాలలో మాస్టారి స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాస్టారి పేరు మీద మాట్లాడమని కబురు వచ్చాక వారం రోజులు జవాబు ఇవ్వలేకపోయాను. ఆయన మంచితనం గురించి, ఫీజు కట్టలేని పిల్లలకు ఆయన చేసిన సాయం గురించి చెప్పగలిగినవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. నేను హైస్కూల్లో రెండేళ్ళు ఆయన దగ్గర చదివి, ఆ తర్వాత బతుకంతా హైదరాబాదు ప్రయోగశాలల్లో గడిపినవాణ్ణి. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాను. ఆయన నాకు నేర్పిన ఒక్క పని గురించే మాట్లాడతాను అన్నాను. ఆ పని కొలవడం.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఎండాకాలం పొద్దున మాస్టారు అట్టముక్క మీద మెత్తటి పెన్సిల్‌తో జానెడు గీత గీశారు. దాని మీదే పదిసార్లు దిద్దారు. గీత నల్లగా నిగనిగలాడింది. రెండు బ్యాటరీలు, రెండు తీగలు, ఒక గాల్వనామీటర్ నా ముందు పెట్టి, "తీగల కొసలు గీతకు ఆనించు" అన్నారు. తీగలు జారిపోకుండా రెండు చేతుల వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకున్నాను. ముల్లు కదిలింది. క్లాసంతా ఒకటే గోల. పెన్సిల్‌లో కరెంటు పారింది మరి! మాస్టారు మాత్రం కదల్లేదు.

"ఎంత చూపించిందిరా?"

"ఎనిమిది గీతలండి."

"అందులో పెన్సిల్‌ది ఎంత? నీ చేతిది ఎంత?"

నాకు అర్థం కాలేదు. "వేలు తీసి చూడు" అన్నారు. వేళ్ళు తీసి, బట్టలు ఆరేసే చెక్క క్లిప్పులతో తీగల్ని పట్టించాం. ముల్లు ఆరు దగ్గర నిలిచింది. "ఇప్పుడు గీత మీంచి తీగలు తీసేసి, ఉత్త వేళ్ళతో పట్టుకో." ముల్లు రెండు చూపించింది. చెమట పట్టిన నా చేతుల్లోంచి, నా ఒంట్లోంచి కూడా కరెంటు పారుతోందన్నమాట. ఆరూ రెండూ ఎనిమిది. లెక్క సరిపోయింది. మాస్టారు అప్పుడు నవ్వారు.

ఆ రోజు జరిగింది చిన్న పిల్లల ప్రయోగమే. కానీ ఆ తర్వాత నలభై ఏళ్ళు, కోట్ల రూపాయల పరికరాల ముందు కూర్చుని, అణువులంత సన్నని కర్బనపు గొట్టాలను కొలిచినప్పుడు కూడా నేను చేసింది ఆ మూడు పనులే. అన్నీ కలిపి కొలవడం, వస్తువు లేకుండా కొలవడం, తీసివేయడం. ఈ మూడింటిలో మధ్యది ఎంత కష్టమో చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

ఈ ఊళ్ళో కర్బనం గురించి మాట్లాడటానికి వేరే సాకు అక్కర్లేదు. కృష్ణకు ఆ ఒడ్డున కొల్లూరు, ఈ ఒడ్డున పరిటాల. ఒకప్పుడు లోకం వజ్రం అంటే ఇటువైపే చూసింది. ఇంగ్లీషు వర్తకుల పుస్తకాల్లో మన ఊరు 'పార్టియల్' అయింది. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రీజెంట్ వజ్రం, ఇప్పటి బరువు 140 కారట్ల పైచిలుకు, పరిటాల గనిదని కొందరు, కొల్లూరు గనిదని కొందరు రాశారు. మద్రాసు గవర్నరు థామస్ పిట్ దాన్ని కొని, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మాడు. ఉత్తర సర్కారులను ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్న నిజాం, గనులున్న ఈ కొద్ది పల్లెల్ని మాత్రం వదల్లేదు. అందుకే చుట్టూ బ్రిటిష్ ఇండియా ఉంటే మధ్యలో పరిటాల పరగణా లంకలాగా నిజాం చేతిలో మిగిలిపోయింది. ఆ తర్వాత 1947లో ఈ పల్లెలు నిజాం ఏలుబడి వద్దని తమను తాము పాలించుకున్న సంగతి ఈ ఊరి పెద్దలు నాకన్నా బాగా చెబుతారు. ఇప్పటికీ తొలకరి పడితే గుడిమెట్ల వైపు చేలల్లో జనం తల వంచుకుని రాళ్ళు వెతుకుతూ కనిపిస్తారు.

ఆ గనుల దగ్గర రాళ్ళను తూచడానికి మంజాడి గింజ బరువు కొలతగా ఉండేది. యూరప్ వర్తకుల నోట అది 'మాంగెలిన్' అయింది. కారట్ కన్నా కాస్త ఎక్కువ. గింజకూ గింజకూ తేడా ఉంటుంది, త్రాసుకూ త్రాసుకూ తేడా ఉంటుంది. అందుకే తూచేవాడు ముందు ఖాళీ త్రాసు పైకెత్తి చూసేవాడు. ఒక పళ్ళెం దిగితే రెండో వైపు చిన్న బరువు కట్టి సరిచేసేవాడు. దాన్నే పాసంగం అంటారు. ఈ మాట పిల్లలు విని ఉండకపోవచ్చు. గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తుంది.

వజ్రం, పెన్సిల్ ముక్క, దీపం మసి, కళ్ళకు పెట్టుకునే కాటుక, అన్నీ కర్బనమే అని మాస్టారు చెప్పినప్పుడు మేం నమ్మలేదు. పరమాణువు అదే, అల్లిక వేరు. వజ్రంలో ప్రతి పరమాణువూ నాలుగు దిక్కులా నలుగురిని పట్టుకుని ఉంటుంది, అందుకే కరెంటు మోయడానికి ఎలక్ట్రాన్ ఖాళీగా దొరకదు. గ్రాఫైట్‌లో ముగ్గురినే పట్టుకుని పొరలు పొరలుగా పరుచుకుంటుంది, నాలుగో ఎలక్ట్రాన్ పొర మీద తిరుగుతుంది. ఆ పొర ఒక్కటే విడిగా దొరికితే గ్రాఫీన్. మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్ 2004లో దాన్ని అంటించే టేపుతో గ్రాఫైట్ మీంచి ఒలిచి చూపించారు, 2010లో నోబెల్ వచ్చింది. ఆ పొరను తమలపాకు చుట్టినట్టు చుడితే నానోట్యూబ్. 1991లో జపాన్‌లో సుమియో ఇజీమా వాటిని సూక్ష్మదర్శినిలో గుర్తించాడు. ఒంటిపొర గొట్టం అడ్డకొలత ఒకటి రెండు నానోమీటర్లు. మన తల వెంట్రుక దానికి యాభై వేల రెట్లు లావు.

ఇక్కడ మన ఉమ్మడి జిల్లావారి పేరు ఒకటి చెప్పాలి. ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం గారు రామన్ శిష్యులు. 1930 ప్రాంతంలో వజ్రం మీద వెలుగు పడి చెదిరినప్పుడు దాని రంగు ఎంత మారుతుందో కొలిచినవాళ్ళలో ఆయన ఒకరు. తర్వాత వాల్తేరు వచ్చి, టి. వెంకటరాయుడుతో కలిసి స్ఫటికాల సౌష్ఠవాన్ని గణితంతో వివరించే పుస్తకం రాస్తే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో దాన్ని అచ్చువేసింది. ఇవాళ ఏ ప్రయోగశాలలోనైనా ఒక నల్లటి పొడి చేతికిచ్చి ఇది నానోట్యూబా, గ్రాఫీనా, ఉత్త మసా అని అడిగితే, ముందు చేసే పరీక్ష ఆ రామన్ పరీక్షే. వజ్రం ఒక దగ్గర గీత చూపిస్తే గ్రాఫైట్ వేరే దగ్గర చూపిస్తుంది. నానోట్యూబు అడ్డకొలతను బట్టి ఇంకో గీత జరుగుతుంది. అప్పారావు ఎం. రావు, ఆయన సహచరులు 1997లో 'సైన్స్' పత్రికలో ఆ సంగతి చూపించారు. భగవంతం గారి తరం వజ్రాన్ని వెలుగుతో ప్రశ్నించింది. మా తరం మసిని మైక్రోవేవ్‌తో ప్రశ్నించింది.

మైక్రోవేవ్‌తో ఎందుకు? ఇంట్లో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. మీ జేబులో ఫోను పలికే తరంగం సెకనుకు సుమారు వంద కోట్లసార్లు, అంతకు మించి కూడా ఊగుతుంది. వంద కోట్లంటే ఒక గిగాహెర్ట్జ్. చాలా రాడార్లు పది గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఆ వేగంలో నానోట్యూబ్ తీగగా పనికొస్తుందా, ట్రాన్సిస్టర్‌గా పనికొస్తుందా, దాన్ని రంగులో కలిపి పూస్తే రాడార్ తరంగాన్ని మింగుతుందా అన్నవి 2000 తర్వాత ప్రపంచమంతా అడిగిన ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పాలంటే ముందు కొలవాలి.

ఆ వేగంలో మామూలు మీటరు పనికిరాదు. తరంగాన్ని పంపి, ఎంత తిరిగొచ్చింది, ఎంత అవతలికి వెళ్ళింది, ఎంత ఆలస్యంగా వెళ్ళింది అని వినాలి. బావి గట్టు మీద నిలబడి కేక వేసి, తిరిగొచ్చిన చప్పుడును బట్టి నీళ్ళెంత లోతులో ఉన్నాయో చెప్పే పెద్దవాళ్ళు మా చిన్నప్పుడు ఉండేవారు. వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్ అనే పరికరం చేసే పని అదే. అది పంపే తరంగానికి అలవాటైన దారి 50 ఓమ్‌లది. దాని కేబుళ్ళు, కనెక్టర్లు, దాని చుట్టూ ఉన్న సరంజామా అంతా 50 ఓమ్‌ల ప్రపంచం.

ఇప్పుడు ఈ ప్రపంచంలోకి ఒక్క నానోట్యూబ్‌ను తెచ్చిపెట్టండి. ఎంత శుభ్రంగా తయారుచేసినా, ఎంత చక్కగా అతికించినా, లోహం లాంటి ఒంటిపొర గొట్టం నిరోధం సుమారు 6,450 ఓమ్‌లకు కిందికి దిగదు. అందులో ఎవరి లోపమూ లేదు. ఎలక్ట్రాన్లు నాలుగే నాలుగు దారుల్లో పోగలవు గనక ప్రకృతి పెట్టిన కనీస సుంకం అది. లావు మోకు కొసకు సాలీడు దారం కట్టి, మోకును ఒక్కసారి ఝాడించి చూడండి. అల ముడి దాకా వెళ్ళి అక్కణ్ణుంచి వెనక్కి తిరుగుతుంది. 50 ఓమ్‌ల దారి 6,450 ఓమ్‌లను తాకితే పంపిన శక్తిలో నూటికి 97 వంతులు వెనక్కొస్తాయి. నిజానికి అతుకుల వల్ల గొట్టాల నిరోధం ఇంకా ఎక్కువే ఉంటుంది. ఒకటి 20,000 ఓమ్‌లు, ఇంకొకటి 25,000 ఓమ్‌లు అనుకోండి. రెండింటికీ నాలుగో వంతు తేడా. కానీ తిరిగొచ్చే అలల్లో తేడా వెయ్యిలో ఒకటి. బస్తా మిర్చి తూచే కాటా మీద ఉంగరం బరువు చూసినట్టు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. నానోట్యూబును పట్టుకోవడానికి రెండు వైపులా చిన్న లోహపు పళ్ళేలు కావాలి. ఆ రెండు పళ్ళేల మధ్య గాలిలోంచి, కింద ఉన్న పలక లోంచి కూడా తరంగం దూకుతుంది. పళ్ళేల మధ్య కెపాసిటెన్స్ పది ఫెమ్టోఫారడ్‌లు అనుకుందాం. చాలా చిన్న సంఖ్య. పది కోట్ల హెర్ట్జ్ దగ్గర ఆ దొడ్డిదారి నిరోధం లక్షా అరవై వేల ఓమ్‌లు, అంటే గోడతో సమానం. కరెంటు నానోట్యూబు గుండానే పోతుంది. అదే పది గిగాహెర్ట్జ్‌కు వస్తే ఆ గోడ 1,600 ఓమ్‌లకు కుదించుకుపోతుంది. ఎదురుగా నానోట్యూబు 6,450 ఓమ్‌లు, ఆపైన. కరెంటు ఏ దారిన పోతుంది? ముల్లు కదులుతుంది, కానీ కదిపింది నానోట్యూబు కాదు, దాన్ని పట్టుకున్న చేతులు. తొమ్మిదో తరగతిలో చెమట పట్టిన నా వేళ్ళు, ఈ పళ్ళేలు ఒకటే.

అందుకే మా పనిలో మొదటి చాకిరీ పాసంగం చూడటం. పరికరం కొసకు ఏమీ తగిలించకుండా ఒకసారి, రెండు ధ్రువాలూ కలిపేసి ఒకసారి, కచ్చితంగా 50 ఓమ్‌లు ఉన్న ముక్క తగిలించి ఒకసారి, రెండు కొసలూ నేరుగా కలిపి ఒకసారి కొలుస్తాం. ఆ నాలుగు కొలతలతో కేబుల్ వల్ల, కనెక్టర్ వల్ల వచ్చే తప్పులన్నీ లెక్కలో తేలిపోతాయి. కనెక్టర్‌ను చేత్తో బిగించకూడదు. నిర్ణీత బలానికి టిక్కుమని జారిపోయే రెంచితో బిగించాలి. బిగించే ముందు దూది చుట్టిన పుల్లను ఆల్కహాల్‌లో ముంచి తుడవాలి. ఆ తర్వాత కేబుల్‌ను కదపకూడదు. మా దగ్గర చేరిన కుర్రాళ్ళు మొదటి నెలంతా ఇదే చేసేవారు, విసుక్కునేవారు. నానోట్యూబును ముట్టుకోనివ్వలేదని ఒకరిద్దరు అలిగారు కూడా. నేను మాత్రం ఒప్పుకోలేదు.

పాసంగం అయ్యాక తరుగు. ఈ మాట మీ అందరికీ తెలుసు. పత్తి, మిర్చి అమ్ముకున్న ఇళ్ళవాళ్ళం. బస్తా కాటా మీద పెట్టాక గోనె బరువు తీస్తారు, తేమ పేరు చెప్పి తీస్తారు, దుమ్ము పేరు చెప్పి తీస్తారు. ఒక ఏడాది మా నాన్న మిర్చి అమ్ముకొచ్చి కొన్నవాళ్ళు ఇచ్చిన చీటీ మాస్టారికి చూపించాడు. అందులో నికరం ఒక్కటే రాసి ఉంది. మాస్టారు చీటీ తిప్పి చూసి, "మొత్తం ఎంతో లేదు, తరుగెంతో లేదు. ఇంక దీన్ని ఎట్లా నమ్మేది?" అన్నారు. తరుగు తీయడం తప్పని ఆయన అనలేదు. గోనెకు బరువు ఉంటుంది, నిజమే. ఎంత తీశావో రాయాలి, ఎందుకు తీశావో రాయాలి. నా వృత్తిలో నేను ఎవరి వ్యాసం చదివినా ముందు ఆ చీటీ గుర్తొస్తుంది. ఖాళీ పళ్ళేల కొలత ఎంత, నానోట్యూబుతో కలిపి ఎంత అన్నవి రెండూ చూపించకుండా తేడా ఒక్కటే చూపించిన కొలత నాకు ఆ చీటీతో సమానం.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పావెల్ కాబోస్, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన పని ఈ విషయంలో నాకు పాఠ్యపుస్తకం లాంటిది. ఒక సన్నని తరంగమార్గంలో చిన్న ఖాళీ వదిలి, దాని మీద పలుపొరల నానోట్యూబును వంతెనలాగా వేశారు. వంతెన ఉన్న మార్గాన్నీ, అచ్చం అలాంటిదే వంతెన లేని మార్గాన్నీ కొలిచారు. గొట్టం వాటా ఎంత, అతుకు వాటా ఎంత అని విడదీసే ప్రయత్నం చేశారు. ఇంకొందరు వేరే దారి పట్టారు. ఒక్క గొట్టం గొంతు వినిపించకపోతే వందల గొట్టాలను పక్కపక్కన వరసగా పరిచారు. వంద మంది కలిసి పాడితే వినిపిస్తుంది, నిరోధమూ వందో వంతుకు దిగుతుంది. కానీ ఆ వందలో కొన్ని లోహంలా, ఇంకొన్ని అర్ధవాహకంలా ప్రవర్తిస్తాయి. అప్పుడు కొలిచింది గుంపు సగటును, ఏ ఒక్కదాన్నీ కాదు. కాలిఫోర్నియాలో ఇర్వైన్ విశ్వవిద్యాలయంలో పీటర్ బర్క్ బృందం 2004లో ఒక నానోట్యూబ్ ట్రాన్సిస్టర్‌ను 2.6 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేయించింది. ఆ ప్రయోగంలో నాకు నచ్చింది ఆ సంఖ్య ఒక్కటే కాదు, వాళ్ళు పట్టుకున్న ఒడుపు. గొట్టం నిరోధం 50 ఓమ్‌లతో పోట్లాడకుండా, దానికి తగ్గట్టు మధ్యలో ఒక సర్దుబాటు సర్క్యూట్ పెట్టారు. మోకుకూ దారానికీ మధ్య క్రమంగా సన్నబడే తాడు పేనినట్టు.

ఇంత కష్టపడి కొలిస్తే ఏం దొరుకుతుందని పిల్లలు అడగొచ్చు. ఒక్కటి చెబుతాను, ఇది నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది. మామూలు రాగితీగలో కరెంటు మారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం లేచి ఆ మార్పును అడ్డుకుంటుంది, దాన్ని ఇండక్టెన్స్ అని చదువుకున్నారు. నానోట్యూబులో అది చాలా స్వల్పం. అక్కడ అంతకు కొన్ని వేల రెట్లు పెద్దది ఇంకొకటి ఉంది. అది ఎలక్ట్రాన్ల సొంత జడత్వం. పత్తి బోరాలు ఎక్కించిన బండిని కదిలించడం ఎడ్లకు కష్టం, కదిలాక ఆపడం కష్టం. ఎలక్ట్రాన్ అంత తేలికైనదానికి కూడా ఆ గుణం ఉంది. రాగితీగలో అసంఖ్యాకంగా ఎలక్ట్రాన్లు ఉంటాయి గనక ఒక్కోదాని భారం పైకి తేలదు. నానోట్యూబులో ఉన్నవి నాలుగు దారులే, ప్రతి ఎలక్ట్రాన్ బరువూ లెక్కకు వస్తుంది. మైక్రాన్ పొడవుకు నాలుగు నానోహెన్రీలని సిద్ధాంతం చెబుతుంది. బర్క్ 2002లోనే గిగాహెర్ట్జ్ కొలతల్లో దీన్ని వెతకవచ్చని రాశాడు. వస్తువు కదలడానికి బద్ధకిస్తుందని న్యూటన్ మాటల్లో చదువుకున్నదాన్ని కరెంటు కొలతలో పట్టుకోవడం! కానీ ఆ బద్ధకం కనిపించాలంటే ముందు పళ్ళేల దొడ్డిదారి మూసేయాలి. మళ్ళీ అక్కడికే వస్తాం.

నా సొంత తప్పు ఒకటి చెప్పకపోతే ఈ ఉపన్యాసం పూర్తవదు. ఒక్క గొట్టం సంగతి వదిలి, నానోట్యూబులు కలిపిన ఎపాక్సీ ముద్దల మీద నేను కొన్నేళ్ళు పనిచేశాను. జొన్నదంట్లు నేల మీద చల్లితే కొద్ది దంట్లకే ఒకదాన్నొకటి తాకి ఈ మూల నుంచి ఆ మూలకు దారి ఏర్పడుతుంది. గోలీలు చల్లితే ఎన్ని చల్లినా అంత త్వరగా ఏర్పడదు. నానోట్యూబులు దంట్ల లాంటివి. నూటికి ఒకటి రెండు పాళ్ళు కలిపినా ముద్ద తరంగాన్ని ఆపడం, మింగడం మొదలుపెడుతుంది. అమెరికాలో శాన్ డియేగోలో ప్రభాకర్ బండారు బృందం లాంటివాళ్ళు ఇలాంటి మిశ్రమాలు మైక్రోవేవ్‌ను ఎంత అడ్డుకుంటాయో కొలిచారు. మేమూ కొలిచాం. దీనికి లోహపు దీర్ఘచతురస్రపు గొట్టం వాడతాం, లోపలి కొలత 22.86 మిల్లీమీటర్లకు 10.16 మిల్లీమీటర్లు. ముద్దను సరిగ్గా అంతకు కోసి లోపల బిగించి, తరంగం పంపి, 1970ల్లో నికల్సన్, రాస్, వెయిర్ చెప్పిన సూత్రాలతో ముద్ద విద్యుత్ గుణం, అంటే పర్మిటివిటీ, లెక్కకడతాం.

ఒక కొత్త కలుపుడు పద్ధతి పెట్టాం. పాత పద్ధతిలో పర్మిటివిటీ యాభై దగ్గర ఉండేది, కొత్తదానిలో ముప్పై నాలుగుకు పడిపోయింది. మూడు నెలలు అదే ఫలితం. కొత్త పద్ధతిలో నానోట్యూబులు విరిగిపోతున్నాయని నేను ఒక చక్కటి వివరణ అల్లేశాను, నివేదిక రాశాను, పైవాళ్ళకు పంపాను కూడా. మా వర్క్‌షాప్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, ఆ ముక్కలు కోసేది ఆయనే. ఒక సాయంత్రం ఆయన ముక్క బిగించిన గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి ఒంటికన్ను మూసి చూశాడు. "సార్, పైన వెలుతురు వస్తోంది" అన్నాడు. నేనూ చూశాను. ముక్క పైన, గొట్టం గోడకు మధ్య కాగితం దళసరి వెలుతురు గీత. కొత్త ఎపాక్సీ గట్టిపడేటప్పుడు పిసరంత కుంచించుకుపోతోంది. ఖాళీ 0.1 మిల్లీమీటరు, అంటే ఎత్తులో నూటికి ఒకటి.

నూటికి ఒకటి ఖాళీకి యాభై ముప్పై నాలుగు అవుతుందా అని మీరు అడగొచ్చు. అవుతుంది. ఆ గొట్టంలో విద్యుత్ క్షేత్రం కింది గోడ నుంచి పై గోడకు నిలువుగా నిలబడుతుంది. దాని దారికి అడ్డంగా ముద్ద ఒకటి, గాలి ఒకటి వరసగా ఉన్నట్టు. గాలిది ఒకటి, ముద్దది యాభై. అలా వరసన ఉన్నప్పుడు బలహీనమైనదే లెక్కను లాగేస్తుంది. కాగితమంత గాలి సెంటీమీటరు ముద్దను మూడో వంతు మింగేసింది. మేం ఖాళీలో వెండి పేస్టు నింపి మళ్ళీ కొలిస్తే యాభై దగ్గరికే తిరిగొచ్చింది. నానోట్యూబులేవీ విరగలేదు. నివేదిక వెనక్కి తీసుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలిగేది తప్పు జరిగినందుకు కాదు, తప్పు మీద అంత నమ్మకంగా వివరణ అల్లినందుకు. మనసు ఎంత త్వరగా కథ కట్టేస్తుందో, అది ఎంత నిజంలాగా వినిపిస్తుందో అప్పుడు తెలిసింది.

ఈ మధ్య వస్తున్న వ్యాసాల్లో ఒక పోటీ చూస్తున్నాను, దాని గురించి కాస్త గట్టిగా చెప్పాలి. రాడార్ తరంగాన్ని మింగే కర్బన పదార్థాలకు మైనస్ యాభై డెసిబెల్‌లు, మైనస్ అరవై అని రాస్తున్నారు. మైనస్ ఇరవై అంటే నూటికి ఒక వంతు తిరిగొచ్చింది. మైనస్ యాభై అంటే లక్షలో ఒక వంతు. వినడానికి గొప్పగా ఉంటుంది. చాలాసార్లు ఆ సంఖ్య కొలిచింది కాదు. చిన్న ముక్కను కొలిచి, అది అంతులేని లోహపు రేకు మీద ఫలానా దళసరిలో పూసి ఉంటే అని ఊహించి లెక్కకట్టింది. దళసరి ఆ లెక్క కన్నా వెంట్రుకవాసి మారితే గ్రాఫులో ఆ లోయ మాయమవుతుంది. విమానం రెక్క మీద రంగు పూసేవాడికి వెంట్రుకవాసి మీద అంత పట్టు ఉంటుందా? ఎంత లోతుకు పడిందన్నది కాదు, ఎంత వెడల్పు బ్యాండ్‌లో పదో వంతుకు తగ్గిందన్నది చూడాలి. ముక్క మీద కట్టిన లెక్కతో ఆగకుండా, చదరపు పలక చేసి, నిజంగా తరంగం పంపి కొలిచి రెండూ పక్కపక్కన చూపించాలి. రెండూ కలవకపోతే ఆ తేడాయే వ్యాసానికి అసలు విషయం. నా మాట కటువుగా ఉంటే క్షమించండి.

హైదరాబాదు ఈ పనికి మంచి ఊరు. రక్షణ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల, 1963 నుంచి లోహ పరిశోధన ప్రయోగశాల, ఎ.ఎస్. రావు గారు 1967లో నిలబెట్టిన ఇసిఐఎల్, ఉస్మానియాలో 1982 నుంచి నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ విభాగం, బాలాపూర్‌లో ఎఆర్‌సిఐ, అక్కడే కర్బన పదార్థాలకు ఒక కేంద్రం. ఆ సంస్థకు సారథ్యం వహించిన టాటా నరసింగరావు గారు అంతకు ముందు జపాన్‌లో ఫుజిషిమాతో కలిసి బోరాన్ కలిపి కరెంటు మోయించిన వజ్రంతో ఎలక్ట్రోడ్లు చేసి పరిశోధించారు. కరెంటు మోయని వజ్రం కూడా మాకు అవసరమే. మైక్రోవేవ్ ట్రాన్సిస్టర్ల వేడిని తీసిపారేయడంలో దానికి సాటి మరొకటి లేదు. పరిటాల మట్టిలో తవ్విన రాయికీ, ఆ ట్రాన్సిస్టర్ కింద పలుచగా పెంచిన పొరకూ అల్లిక ఒకటే.

ఇంక ముగిస్తాను. పిల్లలారా, ఇక్కడ నా చేతిలో ఉన్న ఈ చిన్న డబ్బా చూడండి, అరచేతిలో పడుతుంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఇలాంటి పని చేసే పరికరం బీరువా అంత ఉండేది, దాన్ని ముట్టుకోవాలంటే సంతకాలు కావాలి. నానోవిఎన్ఎ అంటారు దీన్ని, కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది, 900 మెగాహెర్ట్జ్ దాకా వింటుంది. దీన్ని మాస్టారి పేరు మీద మీ స్కూలు ల్యాబ్‌కు ఇచ్చి వెళ్తున్నాను. దానితో పాటు ఈ మూడు ఇత్తడి ముక్కలు. ఒకటి ఖాళీ, ఒకటి కలిపేసింది, ఒకటి 50 ఓమ్‌లు. త్రాసు పక్కన భారాల పెట్టెలో శ్రావణంతో పట్టుకునే బరువుల్ని దాచినట్టే వీటిని డబ్బాలో దాచండి, వేలితో లోపల ముట్టుకోకండి.

సభ అయ్యాక టీ తాగి ల్యాబ్ గదిలోకి రండి. అట్టముక్క, మెత్తటి పెన్సిల్ తెచ్చాను. గీత ఎవరు గీస్తారో మీరే తేల్చుకోండి. కానీ గీత గీయకముందు, ఉత్త అట్టముక్క మీద రెండు కొసలూ పెట్టి, ఒక మెగాహెర్ట్జ్ నుంచి 900 దాకా ఖాళీగా ఒకసారి కొలిచి, ఆ అంకెలు నల్లబల్ల మీద ఎడమవైపు రాద్దాం.